కవళ్ళు కరిగేలోపు

రాత్రి పదిన్నరకి డీప్ ఫ్రీజర్ మూత ఎత్తి
బఠాణీ సంచీ కిందనుంచి ఎర పొట్లం తీశాను.
ఆల్బనీలో వీటిని మ్యూలీలంటారు.
నేను మొదటిరోజే కవళ్ళు అనేశాను.
ఒకదాని కన్ను ఇంకోదాని తోకకి అతుక్కుని
ఇరవై కవళ్ళు, ఒకటే గడ్డ.
తెల్లారేసరికి సగం కరిగితే చాలు.
మరీ మెత్తబడితే విసిరినప్పుడు
కొక్కెం నీళ్ళలో, ఎర గాల్లో,
గాల్లోది సీగల్‌ది.

ఇవన్నీ చెప్పింది మెర్విన్.
రేవులో గోధుమ లారీలు తూచే కాటా దగ్గర
నాకు ముందు ఇరవయ్యేళ్ళు కూర్చున్న మనిషి.
కుర్చీ వదిలిన రోజు ఈ పెట్టె నా ఒళ్ళో పెట్టి
"కాటా కంటే ఇది కష్టం" అన్నాడు.

వంటింటి బల్ల మీద పెట్టె విప్పాను.
పై అరలో నావి. గులాబీ పొట్ట చెక్కచేప,
నీటి మీద గంతులేసే పాపర్,
అద్దం కళ్ళది ఒకటి, ఇరవై రెండు డాలర్లు.
"బాగానే పడతాయి వీటికి" అన్నాడు మెర్విన్,
"కొట్టుకొచ్చినవాళ్ళు."

కింది అరలో ఆయన ఇనుపముక్కలు.
గడిగడికీ పెన్సిల్‌తో గ్రాములు రాసి ఉన్నాయి.
ఎదురుగాలికి అరవై.
ఒడ్డు దగ్గర గుంటలో తిరుగుతుంటే నలభై.
నీళ్ళు ఇసుక కలిసి టీ రంగులో ఉన్నాయా,
మెరుపు దండగ, వాసన కావాలి,
కవళ్ళు గుచ్చు. పై కొక్కెం కంట్లోంచి,
మిగతా రెండూ ఒంట్లోంచి.
ముందు గాలి, తర్వాత నీళ్ళు, చేప ఎప్పుడో చివర.

అసలిది సాల్మనే కాదట.
ఓడ దిగినవాళ్ళెవరో ఒంటి చుక్కలు చూసి
ఇంటి బెంగకొద్దీ పెట్టిన పేరట.
నాకు నవ్వాగలేదు.
ఉప్పాడలో మా మేనత్త నూకాలు
గంపలోంచి మాగ ఎత్తి పట్టుకుని, కారాపినవాళ్ళకి
"ఇండియన్ సాల్మనండీ" అని
కిలోకి పాతిక ఎక్కువ చెప్పేది.
పేరు కూడా ఎరే. గుచ్చక్కర్లేదు, కరగదు.
ఈ ఉద్యోగానికి పెట్టిన కాగితంలో
తూకాల్లో ఎనిమిదేళ్ళ అనుభవం అని రాశాను.
అత్త తక్కెడ సంగతి వాళ్ళడగలేదు,
నేను చెప్పలేదు.

మూల గడిలో రంగంతా పోయిన ముక్క ఒకటి.
గోరుతో గీసినట్టు రెండక్షరాలు.
ఇదెవరిదని ఒకసారి అడిగాను.
"డెస్‌ది. రాయి మీదనుంచి విసిరేవాడు."
అంతే. ఆ తర్వాత చాలాసేపు రీల్ తుడిచాడు.
వెళ్ళేటప్పుడు మాత్రం కారు అద్దం దించి
"నువ్వు ఇసుక మీదే నిలబడు" అన్నాడు,
కోప్పడినట్టుగా.

పన్నెండున్నరకి ఎంచడం అయింది.
నలభై ఒకటి, అరవై ఒకటి, కవళ్ళు.
డెస్‌ది తీశాను, పెట్టాను, మళ్ళీ తీశాను.
బల్ల మీదే ఉండిపోయింది.

నాలుగున్నరకి మెర్విన్ ఫోన్.
"గాలి దక్షిణానికి తిరిగింది. ఇవాళ వద్దు."

కవళ్ళు ఆగవుగా.
గిన్నెలో ఒకదాన్నొకటి విడిచిపెట్టి
మెత్తగా, వెండిగా పడుకున్నాయి.
చింతపండు నానేశాను.
పచ్చిమిర్చి చీరాను. పొలుసు గీకాను.

ఏడింటికి పెట్టె కోసమని వచ్చి
వాసనకి గుమ్మంలోనే ఆగిపోయాడు.
"ఎర ఎవరైనా తింటారా!"
తిన్నాడు. బ్రెడ్డు ముంచుకుని,
ముల్లు తీయకుండానే, కళ్ళు తుడుచుకుంటూ.
కారం అన్నాడు.

చెయ్యి కడుక్కుని బల్ల మీది ముక్క తీసి
అరచేతిలో కాసేపు ఆడించాడు.
"నలభై."
తీసుకుని నేనూ చూశాను.
"ముప్పై ఎనిమిది" అన్నాను.
"రంగు పోయింది కదా."